తద్దినానికి వెళ్ళిన క్యారవాన్

"ఈ పరుపు మీద ఎంతమంది హీరోయిన్లు పడుకున్నారో తెలుసాండీ?" అన్నాడు బండి అమ్మిన వ్యాపారి. ధర నిలబెట్టుకోవడానికి అన్న మాట అది. నాకు మాత్రం ఆ మాట వినగానే ఒళ్ళు జలదరించింది. ఫిబ్రవరి మొదటి శనివారం సాయంత్రం బండి రాజమండ్రిలో మా ఇంటి ముందుకు వచ్చింది. చేసిన మొదటి పని ఆ పరుపు లాగి బయట పారేయడం.

పరుపు కింద చెక్క మీద జుట్టు రంగు మరకలు, మేకప్ తుడిచిన దూది ఉండలు, గుట్కా పొట్లాలు, అతుక్కుపోయి ఎండిన చ్యూయింగ్ గమ్, రెండు మూడు రంగుల పొడుగు వెంట్రుకలు, చచ్చి చదునైన ఒక బల్లి. ఫ్రిజ్ తలుపు తీస్తే అందులో పెరుగు ప్యాకెట్ ఒకటి ఏనాటిదో పగిలి, కారి, పచ్చగా మారి ఉంది. కర్టెన్లకు సిగరెట్ పొగ, చెమట, మల్లెపూలు కుళ్ళిన వాసన కలిసి పట్టాయి. అది ఒకప్పుడు పన్నెండు సీట్ల వ్యాను. దానిలో మంచం, చిన్న వంటగట్టు, సింకు, వెనక మూల మరుగుదొడ్డి పెట్టించి ఎవరో క్యారవాన్‌గా మార్చారు. కోనసీమ వైపు షూటింగులకు వచ్చే నటీనటులకు అద్దెకిచ్చారు. నేను చూడడానికి వెళ్ళినప్పుడు సీట్ల మీద తెల్లని దుప్పట్లు పరిచి, అగరుబత్తి వెలిగించి ఉంచారు. అగరుబత్తి వెలిగించినవాణ్ణి నమ్మకూడదని నేను ఆనాడే గ్రహించవలసింది.

పదకొండు లక్షల నలభై వేలు పోసి ఇంత మురికిని కొనడానికి కారణం నా భార్య.

మా ప్రాంతపు ఆడవాళ్ళకు ప్రయాణమంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు మానేయడం. దీన్ని వాళ్ళకు ఎవరూ నేర్పరు, అయినా ప్రతి ఒక్కరికీ తెలుసు. బస్టాండులో మరుగుదొడ్డి గడప వరకూ వెళ్ళి ముక్కు మూసుకుని తిరిగి వచ్చిన ఏ ఆడమనిషీ ఆపైన దారిలో గుక్కెడు నీళ్ళు తాగదు. నా భార్య ముప్పై ఏళ్ళు అలాగే ప్రయాణాలు చేసింది. ఫలితంగా మూత్రపిండాల్లో రెండుసార్లు రాళ్ళు చేరాయి. రెండో ఆపరేషన్ తరవాత డాక్టరు ఆమెను గంటగంటకూ నీళ్ళు తాగమన్నాడు. నీళ్ళు తాగితే దారిలో దిగాలి. దిగితే గొంతుక్కూర్చోవాలి, ఆమె కుడి మోకాలు వంగదు. ఈ లెక్కలో ఎటు తిరిగినా దారి దొరకక ఆమె ప్రయాణాలే మానుకుంది.

ఆమె పుట్టిల్లు నరసాపురం దాటి మొగల్తూరు వెళ్ళే దారిలో, కాలవ ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆమె తండ్రి తద్దినం మాఘ బహుళ చవితి నాడు వస్తుంది. నాలుగేళ్ళుగా ఆమె దానికి వెళ్ళలేదు. ఆ రోజు మధ్యాహ్నం తమ్ముడికి ఫోన్ చేసి, "భోక్తలు లేచారా?" అని అడిగేది. తండ్రి స్థానంలో కూర్చున్న బ్రాహ్మలు భోజనం ముగించి లేచారని తెలిశాక గాని తాను అన్నం ముట్టేది కాదు. ఈ ఏడు మాత్రం ఆ ఇంట్లో కూర్చుని, ఆ వంట తినాలని నోరు తెరిచి అడిగింది. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆమె నన్ను అడిగినవి తక్కువ. అందుకే బండి.

మర్నాడు ఆ బండిని నీళ్ళతో వాహనాలు కడిగే షెడ్డుకు తీసుకెళ్ళాను. పైన, కింద, అద్దాలు, తివాచీ అన్నీ చేస్తామన్నారు. వెనక, మరుగుదొడ్డి కింద, సూట్‌కేసంత ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంటుంది. వాడినదంతా అందులో చేరుతుంది. బయటివైపు చిన్న తలుపు తెరిచి దాన్ని లాగి ఖాళీ చేసుకోవాలి. షెడ్డు యజమాని ఆ తలుపు తెరిచాడు, వెంటనే మూశాడు.

"ఇది మా వల్ల కాదండి."

"కడగడమే కదా మీ పని?"

"బండి కడుగుతామండి. ఇందులో ఉన్నది బండిది కాదు కదండీ. ఎవరిదో ఏంటో. మీదైతే మీకు పర్వాలేదు గాని..."

నిజమే, అది నాది కాదు. అమ్మినవాడు పెట్టె కూడా ఖాళీ చేయకుండా అమ్మాడు. ముఖపరిచయం కూడా లేనివాళ్ళ మలం నా సొత్తయి నా ఇంటికి వచ్చింది. ఇంటికి తిరిగి వచ్చి, ఎవరినైనా పిలిపించి తీయించేద్దామన్నాను.

"ఎవరిని?" అంది నా భార్య.

"డబ్బులిస్తే ఎవరో ఒకరు వస్తారు."

"వాళ్ళకి మాత్రం ముక్కు లేదాండీ? మనింట్లో దొడ్డి ఇన్నాళ్ళూ ఎవరు కడుగుతున్నారనుకున్నారు? టైల్స్ వాటంతట అవే తెల్లబడుతున్నాయా?"

తువ్వాలు ముక్కుకు కట్టుకుని, పెట్టెను రెండు చేతులా పట్టుకుని, మా ఇంటి మరుగుదొడ్డి దాకా మోసుకెళ్ళి వంచాను. దాని నుంచి వచ్చిన చప్పుడు, ఆ రంగు, ఆ చిక్కదనం గురించి ఇంతకంటే రాయను. మధ్యలో రెండుసార్లు కక్కుకున్నాను. నా భార్య మోకాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి బకెట్లు అందిస్తూ, "మూల వదిలేశారు, అక్కడ కూడా," అని చూపించింది. బ్లీచింగ్, వేడినీళ్ళు, మళ్ళీ బ్లీచింగ్. పెట్టె తెల్లబడింది. నా అరచేతుల వాసన మూడు రోజులు పోలేదు.

తద్దినం నాడు వెలుగు రాకముందే బయల్దేరాము. ఆమె మడిచీర విడిగా సంచిలో పెట్టుకుంది. వంతెన దాటి కొవ్వూరు, అక్కడి నుంచి నిడదవోలు. పెద్ద బండి నడపడం నాకు కొత్త. ప్రతి మలుపులోనూ వెనక గిన్నెలు, అద్దాలు, సింకు మూత గలగలమనేవి. నిడదవోలు దాటాక వెనక్కి చూస్తే ఆమె కిటికీ దగ్గర కూర్చుని స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగుతోంది. బయట వరిచేలు చూస్తూ, గుక్క గుక్కకూ ఆగుతూ తాగుతోంది. నాకు ఆ పూట బండి మీద ఉన్న అసహ్యం కొంచెం తగ్గింది.

అది తణుకు దాటేవరకే. ఒక టీ దుకాణం పక్కన ఆపమంది. ఆపి నేను దిగాను, ఆమె వెనక మరుగుదొడ్డిలోకి వెళ్ళింది. నా టీ రాకముందే బండి చుట్టూ జనం చేరారు.

"షూటింగ్ ఎక్కడండీ?"

"షూటింగ్ ఏమీ లేదు."

"చెప్పకూడదా అండీ మాకు? లోపల ఎవరు?"

"మా ఆవిడ."

"ఆవిడ ఏ సినిమాలో చేశారండి?"

ఒకావిడ అద్దం మీద తట్టి, "అమ్మా, ఒక్క ఫోటో! మా పిల్లకి మీరంటే పిచ్చి," అంది, లోపల ఎవరున్నారో తెలియకుండానే. నలుగురైదుగురు ఫోన్లు పైకెత్తి తలుపు వైపు పట్టారు. మూత్రానికి వెళ్ళిన ఆడమనిషి బయటికి ఎప్పుడొస్తుందా అని కెమెరాలు పట్టుకుని నిలబడ్డ ఆ మొహాలు చూసి నేను అరిచాను. ఎవరూ కదలలేదు. అరిస్తే లోపల ఉన్నది ఇంకా గొప్పవాళ్ళని అనుకున్నారు.

తలుపు తెరుచుకుని నా భార్య తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఈవిడా!" అన్నారెవరో.

"నేనేనండి," అంది ఆమె. "ఫోటో తీసుకుంటారా?"

ఒక్కరూ తీసుకోలేదు. మోసపోయినవాళ్ళలా మావైపు చూసి వెళ్ళిపోయారు. ఆమె పాలకొల్లు వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం ఒక్క నవ్వూ రాలేదు.

ఎనిమిది దాటేసరికి చేరాము. మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, బడిలో లెక్కల మాస్టారు. తడిపంచెతోనే ఎదురొచ్చి అక్క చేయి పట్టుకున్నాడు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. బండి వాకిట్లో, గేటు లోపల పెట్టించాడు. తరవాత పిల్లాడిలా లోపలికెక్కి మంచం తట్టి చూశాడు, పొయ్యి వెలిగించి చూశాడు. "ఏసీ కూడానా బావగారూ!" అన్నాడు. వెనక తలుపు కూడా తెరిచాడు. తెరిచి, మూసి, దిగి, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

కాసేపటికి పురోహితుడితో కలిసి అరుగు మీదికి వచ్చాడు. పురోహితుడు పెద్దమనిషి, మా మామగారి రోజుల నుంచీ ఆ ఇంటికి వచ్చేవాడే. నా వంక కాక బండి వంక చూస్తూ మాట్లాడాడు.

"అందులో దొడ్డి ఉందటగా?"

"ఉందండి. శుభ్రంగానే ఉంది."

"దొడ్డికి శుభ్రం ఏంటండీ? భోక్తలు కాళ్ళు కడుక్కునే చోట దొడ్డి నిలబెడితే ఎలాగ?"

"మీరు కాళ్ళు కడుక్కునేది సెప్టిక్ ట్యాంకు మీదనే," అన్నాను. "ఆ సిమెంటు పలక కింద ఉన్నది అదే కదా. ఇంట్లో మరుగుదొడ్డి కూడా వంటింటి గోడకు అవతలివైపే ఉంది."

"అది స్థిరంగా ఉంది. ఇది మోసుకు తిరిగేది. మోసుకొచ్చిన దొడ్డి ఎదుట ఉండగా పితృదేవతలు గడప దాటరు." ఆ మాట పూర్తి కాకుండానే ఖాండ్రించి, వాకిట్లోనే, తులసికోటకు బారెడు దూరంలో ఉమ్మి, ఉత్తరీయంతో మూతి తుడుచుకున్నాడు. ఆ ఉత్తరీయమే భుజాన వేసుకుని ఇప్పుడు లోపలికెళ్ళి మంత్రాలు చెప్పబోతున్నాడు.

మా బావమరిది నా చేయి పట్టుకున్నాడు. "ఏమీ అనుకోకండి బావగారూ. వీధి చివర, కాలవగట్టు మీద పెట్టించండి. ఈ ఒక్క పూటకే. ఈయన లేచిపోతే ఇప్పటికిప్పుడు భోక్తలు దొరకరు."

నేను ఇంకా ఏదో అనబోయి నా భార్య వైపు చూశాను. ఆమె అరుగు చివర చేతిలో గ్లాసుతో నిలబడి ఉంది. మరదలు ఇచ్చిన మంచినీళ్ళవి. ఒక్క గుక్క కూడా తాగకుండా ఆ గ్లాసును గోడ వారన పెట్టేసింది.

"తీసెయ్యండి," అంది నాతో. "నాన్నగారి పని ఆగకూడదు."

ఆ గ్లాసు పెట్టడంతోనే నా పదకొండు లక్షలూ నీళ్ళపాలయ్యాయి. ఆ ఇంట్లో ఉన్నది గొంతుక్కూర్చునే దొడ్డి. కాలవగట్టు, కుంటుతూ నడిచే మనిషికి, వీధి పొడుగునా అరుగుల మీదివాళ్ళంతా చూస్తుండగా వెళ్ళవలసిన దూరం. ఆమె మళ్ళీ పాత లెక్కకే వచ్చింది, తాగకపోతే వెళ్ళే పని లేదు.

నేను బండి తీసుకెళ్ళి గట్టు మీద పెట్టి తిరిగి వచ్చాను. లోపల తర్పణాలు మొదలయ్యాయి. ఆమె మడిచీరతో మధ్యగదిలో పీట బదులు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎండ పెరిగింది. వంటింట్లోంచి పొయ్యి వేడి గదిలోకి కొడుతోంది. రెండుసార్లు వెళ్ళి నీళ్ళు తాగమన్నాను.

"తరవాత తాగుతాను."

"తరవాతంటే?"

"తరవాతేనండి."

పదకొండు దాటేసరికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. నడుము మీద చేయి పెట్టుకుని ఒకసారి కళ్ళు మూసుకుంది. ఆ చేయి ఎక్కడ పెట్టిందో నాకు తెలుసు. రెండు ఆపరేషన్లకు ముందు కూడా అక్కడే పెట్టుకుంది. నేను ఇంక ఆమె మాట అడగలేదు. లేపి, భుజం పట్టుకుని, వీధిలోంచి నడిపించుకుంటూ గట్టు దాకా తీసుకొచ్చాను. బండి ఎక్కగానే మొదట మరుగుదొడ్డికి వెళ్ళింది. వచ్చి చెంబెడు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగింది.

"నాన్నగారు మంచం పట్టినప్పుడు ఆ మూడు నెలలూ బెడ్‌పాన్ ఎత్తింది నేను," అంది మూతి తుడుచుకుని. "రోజూ కడిగి ఆ అరుగు పక్కనే ఎండబెట్టేదాన్ని. అప్పుడు ఈయన ఆ అరుగు మీదే కూర్చుని పంచాంగం చెప్పి, స్వయంపాకం పట్టుకెళ్ళేవారు."

"ఆ మాట ఇందాక అక్కడ అనకపోయావా?"

"తద్దినం చెడగొట్టడానికి వచ్చానా నేను?"

ఆమె ఇంటికి తిరిగి రానంది. భోక్తలు లేచాక తన విస్తరి ఇక్కడికే పంపమని తమ్ముడికి ఫోన్ చేసింది. ఫోన్‌లోంచి అతని గొంతు నాకూ వినిపించింది.

"దొడ్డి పక్కన కూర్చుని తద్దినం భోజనం తింటావా అక్కా?"

"నువ్వు పంపిస్తే తింటాను. పంపకపోతే ఉపవాసం ఉంటాను. ఏదో ఒకటి చెప్పు."

పంపాడు. మరదలు అరిటాకులు, క్యారియరు పట్టుకుని వచ్చి బండి మెట్టు దగ్గర ఆగిపోయింది. లోపలికి రమ్మంటే, "మడితో ఉన్నాను వదినగారూ, ఏమీ అనుకోకండి. అన్నయ్యగారూ, కొంచెం అందుకోండి," అని చేతులు చాచి, తాకకుండా అందించింది. గారెలు, పరమాన్నం, అరటికాయ కూర, అల్లం పచ్చడి, నువ్వుల ఉండలు. గోడకు మడిచి ఉండే బల్ల దింపి ఆకు వేశాను. ఆ బల్లకూ మరుగుదొడ్డి తలుపుకూ మధ్య దూరం నా చేయి చాపితే సరిపోతుంది. బ్లీచింగ్ వాసన, దాని వెనక ఇంకా పూర్తిగా వదలని అసలు వాసన, వాటి మీద వేడి నేతి వాసన. నేను ముద్ద కలపలేదు. ఆమె తండ్రిని తలచుకుని కళ్ళకద్దుకుని, వంచిన తల ఎత్తకుండా, ఆకులో మెతుకు మిగలకుండా తింది. మధ్యమధ్య నీళ్ళు తాగింది.

"మీరు తినకపోతే ఆ గారె ఇలా పెట్టండి," అంది.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ చూపుకు అక్కడ దొరికినది కాలవ. నది ఆ ఊళ్ళవైపు ఉప్పెక్కుతుంది కనక వాళ్ళకు కాలవ నీళ్ళే గోదావరి జలం. పొద్దున మా బావమరిది తడిపంచెతో బిందె నింపుకుని, పైన తడిగుడ్డ కప్పి, ఎవరినీ తాకకుండా సంకల్పానికి తెచ్చిన నీళ్ళు ఈ రేవువే. రేవుకు ఎగువన వరసగా ఇళ్ళు. ప్రతి ఇంటి వెనక నుంచీ ఒక గొట్టం కాలవలోకి దిగుతుంది. ఆ గొట్టాల కింద గట్టు నల్లగా, జిగటగా ఉంది. చిన్నపిల్లలకు కట్టి విప్పేసిన డైపర్లు ఉబ్బి, గుర్రపుడెక్కలో చిక్కుకుని ఉన్నాయి. కోడి ఈకల సంచి ఒకటి పగిలి తేలుతోంది. ఆ నీటిలో ఒకావిడ మెడలోతు మునిగి సూర్యుడికి దణ్ణం పెడుతోంది.

రెండున్నర ప్రాంతంలో మా బావమరిది పిండాలున్న పళ్ళెం పట్టుకుని రేవుకు వచ్చాడు. అక్కను పిలిచాడు. ఆమె దిగి గట్టు మీద నిలబడింది. అతను మోకాలిలోతు దిగి, పిండాలు నీళ్ళలో వదిలి, మూడుసార్లు మునిగి పైకి వచ్చాడు. పని పూర్తయిన తేలికతో మొహం విప్పారింది. అక్కను చూసి నొచ్చుకున్నట్టే ఉన్నాడు. ఏదో ఒక మేలు చేయాలనుకున్నాడు కాబోలు, తల తుడుచుకుంటూ నాతో అన్నాడు.

"బావగారూ, ఆ పెట్టె కూడా ఇక్కడే ఖాళీ చేసేసుకోండి. రాజమండ్రి దాకా మోసుకెళ్తారా ఏంటి?"

"ఇక్కడా?"

"అందరూ చేసేదేనండి. రేవుకి కొంచెం కిందకెళ్ళి పోసేస్తే సరి. పారే నీళ్ళు కదా, గోదావరికి అంటేది ఏముంది?"

ఎగతాళి చేస్తున్నాడేమోనని చూశాను. లేదు, ప్రేమగానే అన్నాడు. అతను వదిలిన పిండాలు ఇంకా పూర్తిగా విడిపోలేదు. నువ్వులు అంటుకున్న తెల్లని ముద్దలు నీటిలో తేలుతూ మెల్లగా దిగువకు, అంటే అతను నాకు వేలుతో చూపించిన చోటికే వెళుతున్నాయి. మరుగుదొడ్డి ఉన్న బండి తండ్రి వాకిట్లో ఉండకూడదు, దానిలోనిది తండ్రి పిండాల మీద పోయవచ్చు. పొద్దుటి నుంచీ చూసిన వాటిలో నాకు ఇంతకంటే రోత పుట్టించినది లేదు.

నా భార్య పిండాల వంక చూస్తోంది.

"వద్దురా," అంది. "నాది నాతోనే తీసుకెళ్తాను."

"ఎందుకక్కా బరువు? మూడు గంటల ప్రయాణం."

"నాన్నగారిది మూడు నెలలు మోశాను. నాది మూడు గంటలు మొయ్యలేనా?"

అతను నవ్వాడు. అక్క హాస్యమాడుతోందనుకున్నాడు. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. తమ్ముడి తడి తల నిమిరి, మరదలు పంపిన కుంకుమ డబ్బా, నువ్వుల ఉండల పొట్లం అందుకుని బండి ఎక్కింది.

తిరుగు ప్రయాణంలో ఆమె ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. చెంబు ఒడిలో పెట్టుకుని పాలకొల్లులో ఒకసారి, పెనుగొండలో ఒకసారి తాగింది. రెండుసార్లు ఆపమంది, ఆపాను. ప్రతి మలుపులోనూ వెనక పెట్టెలో ద్రవం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దొర్లే చప్పుడు నాకు వినిపించేది. అద్దాలు పూర్తిగా దించి నడిపాను.

చీకటి పడకముందే ఇల్లు చేరాము. తువ్వాలు కట్టుకుని పెట్టె లాగాను. ఈసారి అది ఎవరిదో తెలుసు. తెలిస్తే అసహ్యం తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. వంచాను, కడిగాను, బ్లీచింగ్ పోశాను, మూలలు కూడా తోమాను. పెరట్లో కుళాయి దగ్గర చేతులు సబ్బుతో రుద్దుకుంటుంటే లోపలి నుంచి ఆమె ఫోన్‌లో మాట్లాడడం వినిపించింది.

"చేరామురా... లేదు, నొప్పేం లేదు... నాలుగేళ్ళయింది కదరా ఆ వంట తిని... గారెలు చాలా మెత్తగా వచ్చాయని మీ ఆవిడకి చెప్పు."

చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మళ్ళీ సబ్బు అందుకున్నాను.